డొంకలో నూట పది మీటర్లు

నిమిషానికి ఒక్క మీటరు. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ఇంజను చేత పెడబొబ్బలు పెట్టించి నేను సాధించిన వేగం అది. లోపలికి పోవడానికి నూట పది మీటర్లు, వెనక్కి రావడానికి నూట పది. పొద్దున ఎనిమిదీ ఐదుకు తారురోడ్డు దిగాను, పదకొండూ నలభై ఐదుకు మళ్లీ తారురోడ్డు ఎక్కాను. రెండువందల ఇరవై మీటర్లు, రెండువందల ఇరవై నిమిషాలు. భాగహారం అంటే పారిపోయే పిల్లవాడు కూడా చేయగల లెక్క. ఆ పూట నాతో పందెం కాసిన నత్త గెలవడమే కాదు, గెలిచి, కునుకు తీసి, తిరిగొస్తూ దారిలో నాకు ఎదురుపడి కుశలం అడిగేది.

ఆ ఘోరం ఎలా జరిగిందో మొదటి నుంచీ చెబుతాను. నవ్వదలచిన వాళ్లు ఇక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. ఆ జీపులో నాతోపాటు మూడెకరాలకు సరిపడా పత్తి విత్తనం ఉంది. ఆ పూట అది భూమిలో పడకపోతే మా ఆడపడుచు రత్తమ్మకి ఆ ఏడు పంట లేనట్టే.

నేను లెక్కల టీచర్ని. పుట్టిందీ, పెరిగిందీ, పాఠం చెప్పిందీ అంతా గుంటూరు బ్రాడీపేట చుట్టుపక్కలే. మట్టి అంటే నాకు తెలిసింది రెండే రకాలు. ఒకటి పూలకుండీలో ఉండేది, రెండోది పిల్లల కాళ్లకు అంటుకుని క్లాసులోకి వచ్చేది. మావారు మాత్రం పల్లెటూరి మనిషి. పర్చూరు దాటాక తారురోడ్డు పక్కనే వాళ్ల ఊరు. పెళ్లయ్యాక కూడా నేను ఆ ఊరికి బస్సులో వెళ్లి, ఇంట్లో కూర్చుని, బస్సులో తిరిగొచ్చేదాన్నే తప్ప పొలం గట్టు తొక్కిన పాపాన పోలేదు. మావారి చెల్లెలు రత్తమ్మని ఆ ఊళ్లోనే మేనరికం ఇచ్చారు. ఆవిడ భర్త పోయి అప్పటికి ఆరేళ్లు. మూడెకరాల నల్లరేగడిని ఒంటిచేత్తో సాగు చేసేది.

నాకు డ్రైవింగ్ పిచ్చి యాభై ఒకటో ఏట పట్టింది. 1999 వేసవి సెలవుల్లో ఇరవై ఆరు రోజులు, ఒక్కరోజు నాగా పెట్టకుండా నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చిన నెలకే ఒక పాత జీపు కొన్నాం. మావారు ఎందుకు నేర్చుకోలేదంటే, ఆయనకి దేనికీ తొందర లేదు. తంతి ఆఫీసులో ముప్పై మూడేళ్లు చేసి రిటైరయిన మనిషి. మాటకింత అని వసూలు చేసే చోట అన్నేళ్లు కూర్చున్నందువల్ల కాబోలు, ఇంట్లో కూడా మాటలు లెక్కపెట్టుకుని వాడేవారు. "అన్నం పెట్టనా?" అంటే "పెట్టు". "కూర ఎలా ఉంది?" అంటే "ఉంది".

ఏడాదిపాటు తారురోడ్డు మీద తిరిగాక నాకు ధైర్యం ముదిరింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తారు గెలిచాను గనుక ఇక డొంక గెలవాలి అనుకున్నాను నేను. డొంక అంటే తెలుసుగా, పొలాలకు ఎడ్లబళ్లు పోయే మట్టిదారి. రత్తమ్మ చేలోకి జీపు వేసుకుపోయి, గట్టు మీద ఠీవిగా దిగాలని నా కోరిక. నాకు డ్రైవింగ్ నేర్పిన మాస్టారుని సలహా అడిగితే ఆయన రెండు చేతులూ జోడించి, "మా స్కూలు సిలబస్ తారు వరకేనమ్మా" అన్నాడు.

సిలబస్‌లో లేని పాఠానికి సొంతంగా నోట్సు రాసుకోవడం నాకు అలవాటే. ఒక నోటుబుక్కు తెచ్చి, మొదటి పేజీలో "డొంక ప్రయాణం: జాగ్రత్తలు" అని ఎర్రసిరాతో రాసి, పధ్నాలుగు నియమాలు పెట్టాను. ఇప్పుడు చదివినా అవి మంచి నియమాలే. ఎక్కడికి పోతున్నదీ, ఎప్పటికి తిరిగొచ్చేదీ ఇంకొకరికి చెప్పి బయల్దేరాలి. తాడు, పార, తాగే నీళ్లు బండిలో ఉండాలి. తెలియని దారి వస్తే బండి ఆపి, దిగి, ముందు కాలినడకన చూసి రావాలి. బండి దిగబడితే ఇంజనుని రెచ్చగొట్టరాదు. ఇలాంటివి. మొదటి నియమం మాత్రం ఆర్టీసీ బస్సు నుంచి ఎత్తుకొచ్చాను: "డ్రైవరుతో మాట్లాడరాదు." దాన్ని అట్టముక్క మీద రాసి, జీపులో మావారు కూర్చునే సీటుకి ఎదురుగా అంటించాను. చేసిన పాపం ఊరికే పోదు.

2000 జులై 15, శనివారం, సాయంత్రం నాలుగున్నరకి ఫోను మోగింది. ఊళ్లోని ఎస్టీడీ బూత్ నుంచి రత్తమ్మ. ఆవిడ మాట్లాడితే ఫోను కూడా దండగే, మనం కిటికీ తెరిచి ఉంచితే చాలు.

"వదినా! వాన పడిందే! రేపు పొద్దున్నే విత్తనం పెట్టాల. ప్యాకెట్లు పట్టుకుని అన్నయ్యా నువ్వూ తెల్లారేసరికి బయల్దేరండి!"

ఆవిడ అడిగిన రకం అక్కడ దొరక్క, గుంటూరులో మేమే ఏడు ప్యాకెట్లు కొని ఉంచాం.

"జీపులో వస్తున్నాం రత్తమ్మా! సరాసరి నీ చేలోకే తెస్తాను," అన్నాను.

"చేలోకా? అమ్మో, డొంక ఇంకా పచ్చిపదును మీదుందొదినా! బండి..."

గర్రుమంది. కట్టయిపోయింది.

నేను ఫోను పెట్టేసి ఆలోచనలో పడ్డాను. పదును. పెన్సిలు పదును తెలుసు. కత్తిపీట పదును తెలుసు. మా హెడ్‌మిస్ట్రెస్ నాలుక పదును బాగా తెలుసు. మరి డొంక పదును ఏమిటి? రాళ్లు! వానకి మట్టి కొట్టుకుపోయి రాళ్ల మొనలు పైకి తేలి ఉంటాయి. పచ్చిపదును అంటే? ఇంకా అరగని కొత్త పదును. అంటే ఈమధ్యే కంకర పోశారన్నమాట! చూశారా, ఒక్కో మెట్టూ ఎంత తర్కబద్ధంగా ఉందో. మొదటి మెట్టు తప్పయితే మిగతావన్నీ సరిగ్గా దిగి నూతిలోకే చేరతామని ముప్పై ఒక్క ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నదాన్ని నేనే.

"ఏమంటుంది?" అన్నారు మావారు పేపరు వెనకనుంచి.

"డొంక పచ్చిపదును మీదుందట."

"అయితే బండి తారురోడ్డు మీద..."

"నాకు తెలుసు లెండి. పదునంటే ఏమిటో ఇప్పుడు మీరు చెప్పాలా నాకు?"

తెలుసన్న మనిషికి తెలియజేయడం మాటల దుబారా. పేపరు మళ్లీ పైకి లేచింది.

నేను జీపు తీసుకుని టైర్లకి గాలి కొట్టే షాపుకి పోయాను. "రాళ్ల దారిలో పోవాలి. మొన దిగకూడదు. నాలుగూ ఇనపగుండుల్లా ఉండాలి," అని చెప్పాను. అతను కొట్టాడు. "ఇంకా," అన్నాను. ఇంకా కొట్టాడు. "ఇంకా కొట్టు."

"అమ్మా, ఇంతకు మించితే బండి గిత్తలాగా గంతులేస్తుందండీ."

"వేయనీ. గుచ్చుకోకుండా ఉంటే చాలు."

అతను ఇనపరాడ్‌తో టైరు మీద కొట్టి చూపించాడు. గుడిగంటలా మోగింది. తృప్తిగా ఇంటికొచ్చాను. నియమం ప్రకారం మేం ఎక్కడికి పోతున్నదీ పక్కింటివాళ్లకి చెప్పాను. ఖచ్చితంగా ఉండాలని ఎదురింటివాళ్లకీ, పైవాటావాళ్లకీ, పాలాయనకీ కూడా చెప్పాను. ఆ జాగ్రత్త వల్ల తరవాత ఎన్ని పరామర్శలు భరించాల్సి వచ్చిందో అది వేరే నోటుబుక్కు.

మర్నాడు ఆదివారం, ఐదూ యాభైకి బయల్దేరాం. చిలకలూరిపేట దాటాక రెండువైపులా నల్లటి నేల, ఆరబెట్టిన పట్టుచీరలాగా మెరుస్తోంది. కొత్తవాన వాసన. అప్పటికింకా ఆ దారిలో ట్రాక్టర్లు తక్కువ, ఎడ్లు ఎక్కువ. ఎక్కడ చూసినా అరకలు, వంగిన నడుములు, ఒకళ్లనొకళ్లు కేకలేసుకునే ఆడవాళ్లు. ఊరు ఊరంతా ఇంత హడావుడి పడుతోందేమిటా అని ఆశ్చర్యపోయాను తప్ప, దానికీ నేను విన్న మాటకీ చుట్టరికం ఉంటుందని నాకు తట్టలేదు.

ఎనిమిదీ ఐదుకు డొంక మొగదల ఆగాను. ఈ మూల నుంచి ఆ మూలకి ఒక్క రాయి లేదు! అట్లపెనంలా నున్నగా, నూనె రాసినట్టు నల్లగా ఉంది. పాపం రత్తమ్మ, ప్రతిదానికీ హడలిపోతుంది అనుకున్నాను. నియమం ప్రకారం దిగి నడిచి చూడాలి. దిగబోతూ కాళ్లవైపు చూసుకున్నాను. కొత్త చెప్పులు. గంజిపెట్టిన మంగళగిరి చీర. "కొత్త చెప్పులు ఉన్నప్పుడు తప్ప" అని నియమానికి మనసులోనే సవరణ చేసి, ఏకగ్రీవంగా ఆమోదించాను.

స్టీరింగు డొంకవైపు తిప్పగానే మావారు చెయ్యెత్తారు, క్లాసులో పిల్లవాడిలాగా. నేను అట్టముక్క వైపు వేలు చూపించాను. చెయ్యి దిగింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి, పేపరు అంచున ఏదో రాసి నా ముందు పెట్టారు. నడిపేటప్పుడు ఏదీ చదవరాదన్నది నియమం మూడు. నేను చదవలేదు. ఆనక చూస్తే రెండే మాటలు ఉన్నాయి: "బురద. ఆపు." ముప్పై మూడేళ్లు తంతులు కొట్టిన మనిషి తన భార్యకి పంపిన ఒకే ఒక్క తంతి, అదీ అందలేదు.

మొదటి యాభై మీటర్లు బాగానే పోయాం. తరవాత జీపు నా మాట వినడం మానేసింది. నేను కుడికి తిప్పితే ఎడమకి పోతోంది, ఎడమకి తిప్పితే ఆలోచించుకుంటోంది. నల్లమట్టి టైర్లకి చుట్టుకోవడం మొదలుపెట్టింది. తోపుపిండిలో ముంచిన పూర్ణాల్లాగా నాలుగు చక్రాలూ క్షణక్షణానికీ లావెక్కి బూరెలయిపోయాయి. నూట పదో మీటరు దగ్గర జీపు ఒక పక్కకి జారి, డొంకకి అడ్డంగా తిరిగి, నీరసంగా కూలబడింది.

ఇంజనుని రెచ్చగొట్టరాదని రాసింది నేనే. కానీ ఆ క్షణాన నా కుడికాలు నోటుబుక్కు చదవలేదు. బలమంతా పెట్టి తొక్కాను. వెనక చక్రాలు అక్కడే గిరగిరా తిరిగి, ఉన్న గుంటని ఇంకా లోతుగా తవ్వి, తవ్విన మట్టినంతా కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్న మావారి ముఖం మీద పోశాయి. ఆయన తల లోపలికి తీసుకున్నారు. కళ్లజోడు తీశారు. అట్టముక్క వైపు ఒకసారి చూశారు.

ఇంజను కేకలకి ముందు పరుగెత్తుకొచ్చింది రత్తమ్మ. చేనువైపు నుంచి, చీర ఎగగట్టుకుని, మోకాళ్లదాకా బురదతో.

"ఏందొదినా ఇది! ఇంత పదును మీద బండెట్టా దించావే?"

"పదునెక్కడుంది రత్తమ్మా? దారి పొడుగునా చూశాను, ఒక్క రాయి కూడా లేదు."

రత్తమ్మ నా వంక చూసింది. అన్నయ్య వంక చూసింది. "రాయేంది?"

మా వెనక తారురోడ్డు వైపునుంచి ఎడ్లజతతో వచ్చిన కోటయ్య కూడా వింటున్నాడు. రత్తమ్మ చేనుకి అరక తోలే రైతు ఆయన, అరవై దాటిన మనిషి. "పంతులమ్మగారు పదునంటే కత్తిపదుననుకున్నట్టుందమ్మా," అన్నాడు నెమ్మదిగా.

అప్పుడు మావారు తాళంచెవి తిప్పి ఇంజను ఆపేసి, "బండి నడవడం లేదు. మాట్లాడొచ్చా?" అన్నారు.

"ఊఁ."

"పదునంటే తడి."

మూడు అక్షరాలు, ఇంకో రెండక్షరాలు, మధ్యలో ఒక "అంటే". నా యాభై రెండేళ్ల తెలుగు ఆ నల్లరేగట్లో నడుముదాకా దిగబడిపోయింది.

విత్తనం మొలిచేందుకు సరిపడా తడి నేలలో ఉంటే దాన్ని పదును అంటారట. ఇంకా ఆరని తడి అయితే పచ్చిపదును. చేను పదునుకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే గింజ పడాలి. ఎండ ముదిరితే పైతడి ఆరిపోతుంది, ఆరిపోతే మళ్లీ వాన కోసం ఆకాశం వంక చూడాలి. ఊరంతా అరకలు కట్టింది అందుకే. చేలు పదునుకి వచ్చినా, పల్లంగా ఉండి నీళ్లు పారే డొంక ఇంకా పచ్చిపదును మీదే ఉంది. "బండి తారురోడ్డు మీదే ఆపు, మేమొచ్చి ప్యాకెట్లు మోసుకుంటాం" అని చెప్పబోయింది రత్తమ్మ. ఆ "బండి" దగ్గరే ఫోను కట్టయింది.

"అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు కదమ్మా," అన్నాడు కోటయ్య. ఆ సామెత నేను విన్నాను. పరీక్షలో అర్థం రాయమంటే కత్తిలాంటి రైతు అని రాసి ఉండేదాన్ని.

"విత్తనం ఇక్కడే ఉందిగా, మోసుకుపోండి మరి," అన్నాను.

"గింజయితే చేరుద్ది. గింజ పెట్టడానికి గీత ఏదొదినా?" రత్తమ్మ గొంతు మారింది. ముందు ఎడ్లతో చేనంతా అచ్చు తోలాలి. అచ్చు తోలడమంటే నిలువు గీతలు, అడ్డ గీతలు గీయడం. గీతలు కలిసిన చోటల్లా గింజ పెడతారు. ఆ ఎడ్లు కోటయ్యవి, అవి నా జీపుకి ఇవతల ఉన్నాయి. చేను అవతల ఉంది. డొంకకి రెండువైపులా సర్కారుతుమ్మ కంప. కంప దాటి పోదామంటే పక్కచేలల్లో నిన్ననే గింజ పడింది, కాలు పెట్టనివ్వరు. పైగా కోటయ్య వెనక అప్పటికే ఇంకో రెండు జతల ఎడ్లు ఆగి ఉన్నాయి. నా జీపు ఒక్కటే మూడు సేద్యాలకి అడ్డుగా పడుకుంది.

"పోయినేడు పదును తప్పింది వదినా. పొడినేల్లో పెట్టా. సగం మొలవలా," అంది రత్తమ్మ. నన్ను తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

నేను చకచకా నోటుబుక్కు తీశాను. "కంగారు పడకండి. తాడు తెచ్చాను, పార తెచ్చాను."

తాడు తీశాను. మా డాబా మీద బట్టలారేసుకునే నైలాన్ తాడు. పార తీశాను. పూలకుండీల్లో మన్ను గుల్ల చేసుకునే పార, జానెడు. నియమంలో "తాడు" అని ఉంది, ఎంత లావో లేదు. "పార" అని ఉంది, ఎంత పొడుగో లేదు. కొలత పక్కన ప్రమాణం రాయని పిల్లలకి అరమార్కు కోసే టీచర్ని నేను. కోటయ్య ఆ పారని రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "పంతులమ్మగారూ, దీంతో తవ్వితే వచ్చే వాన కూడా వెళ్లిపోద్ది," అన్నాడు.

అయినా నా మాట కాదనలేక తాడు ఎడ్లకి కట్టారు. తెగేదాకా లాగకూడదంటారు. మా తాడు ఆ అవకాశం ఇవ్వలేదు, ఎడ్లు మెడ సవరించుకోగానే తెగింది. ఊళ్లోకి మనిషిని పంపి మోకు తెప్పించారు. మోకు తెగలేదు, జీపు కదలలేదు. ముందుకి నలుగురు, వెనక్కి నలుగురు నెట్టి, ఎవరు ఎటు నెడుతున్నారో తెలియక కాసేపు ఒకళ్లనొకళ్లు నెట్టుకున్నారు.

పదకొండయింది. ఎండ చురుక్కుమంటోంది. చేలో పొద్దున ఏడింటినుంచి కూర్చున్న ఎనిమిదిమంది కూలి ఆడవాళ్లు లేచి వచ్చారు. వాళ్ల పెద్ద మంగమ్మ.

"రత్తమ్మక్కా, ఎంతసేపని కూకోమంటా? అవతల చేనోళ్లు పిలస్తా ఉండారు. వాళ్ల పదునూ పోద్దిగా."

"ఒక్క అరగంటే మంగమ్మా. నువ్వు పోతే నాకీ రోజు మనుషులు దొరకరు."

"మీ వదిన బండి లేస్తదా అరగంటలో?"

రత్తమ్మ నా జీపు వంక చూసింది. నేను ఆ బురదలో నా కొత్త చెప్పుల కోసం వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. ఒకటి దొరకలేదు కూడా. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వాళ్లకి జీపుల్లేవు గనుక కాలితో సరిపెట్టారు.

అంతవరకూ నావల్ల ఎడ్లు బెదరకుండా చూసుకుంటూ నిలబడ్డ కోటయ్య జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. చర్నాకోల కర్రతో టైరు మీద కొట్టాడు. గంట మోగింది.

"అదీ సంగతి. ముందు గాలి తియ్యాల," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంతసేపూ తీసింది చాల్లేదా? ముప్పై ఒక్క ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, అందరూ చుట్టూ చేరి నా గాలి తీస్తారా?"

కోటయ్య బిత్తరపోయి మావారి వంక చూశాడు. "నేనేవన్నానయ్యా?"

"టైర్లకి," అన్నారు మావారు.

మంగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు చాల్లేదు. ఎనిమిదిమంది నవ్వితే కంపలో పిట్టలు లేచిపోయాయి. చిత్రం ఏమిటంటే, ఆ నవ్వుతోనే వాళ్లు వెళ్లడం మానేశారు. ఇంత వేడుక వదిలేసి అవతల చేలోకి ఎవరు పోతారు?

కోటయ్య నాకు ఓపిగ్గా చెప్పాడు. "నా టైరుబండి దిగబడినా నేను జేసేదిదేనమ్మా. బిగదీసుకున్న టైరు గడ్డపారలాగా నేల్లోకి దిగుద్ది. కాస్త గాలి పోతే ఒళ్లు పరుచుకుని నేలని పట్టుకుద్ది." ఆయన కంపలోంచి పొడుగాటి తుమ్మముల్లు విరిచి, వాల్వులో గుచ్చాడు. బుస్సుమంది. "పదునంటే ఇదీ పంతులమ్మగారూ, మీరు అనుకున్నది," అని ముల్లు చూపించాడు. ముల్లుని ముల్లుతోనే తీయాలంటారు. నా గాలి కూడా దాంతోనే తీశారు. నాలుగు టైర్లకీ సగం సగం తీశారు, ఐదోదానికి, అంటే నాకు, పూర్తిగా తీశారు.

టైర్లకి చుట్టుకున్న మట్టిని మంగమ్మ మనుషులు చేతులతోనే గీకి పారేశారు. గట్టు మీద పోగేసి ఉన్న పోయినేటి పత్తికట్టె మోపులు తెచ్చి వెనక చక్రాల కింద పరిచారు. మోకు జీపు వెనక్కి కట్టారు, రెండు జతల ఎడ్లు. నన్ను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి కోటయ్య ఒక్కటే చెప్పాడు. "రివర్సులో పెట్టి, పాలు పొంగకుండా మంట తగ్గిస్తారు చూడండి, అట్టా తొక్కండి."

అది నాకు అర్థమయ్యే భాష. తగ్గించి తొక్కాను. పత్తికట్టె పటపటమంది. జీపు ఒకసారి మూలిగి, కదిలింది. ఎడ్లు లాగుతుంటే, ఆడవాళ్లు ముందునుంచి నెడుతుంటే, అంగుళం అంగుళం వెనక్కి పోయి, పదకొండూ నలభై ఐదుకి తారురోడ్డు ఎక్కింది. ఎవరో ఈల వేశారు. మంగమ్మే అని నా అనుమానం.

రత్తమ్మ సంతోషించడానికి కూడా ఆగలేదు. ప్యాకెట్లు కొంగులో కట్టుకుని చేలోకి పరుగు. కోటయ్య ఎడ్లు వెనకే. నేను రోడ్డు పక్కన నిలబడితే వెనక్కి తిరిగి అరిచింది. "ఏందొదినా నిలబడ్డావు? మూడు గంటలు పోయినై. నువ్వు కూడా దిగు!"

దిగాను, ఒంటి చెప్పు కూడా విడిచేసి. కోటయ్య అచ్చు తోలుతుంటే చూస్తూ నిలబడిపోయాను. నిలువు గీతలు, అడ్డ గీతలు, సమాన దూరంలో. అది చేను కాదు, మూడెకరాల గ్రాఫు కాగితం! నల్లబోర్డు మీద జీవితమంతా నేను గీసింది ఆ మనిషి రెండు ఎడ్లతో గీస్తున్నాడు, స్కేలు లేకుండా. గీతలు కలిసిన ప్రతి బిందువు దగ్గరా వంగి రెండు గింజలు పెట్టి మన్ను కప్పడమే పని. మంగమ్మ వాళ్లు నాలుగు సాళ్లు పెట్టేలోగా నేను ఒకటి పెట్టాను. నడుము విరిగింది. కానీ చేతికింద ఆ తడి, చల్లగా, మెత్తగా. పదును. ఆ మాట నాకు వేళ్లతో అర్థమైంది. పొద్దుగుంకే ముందే ఆఖరి గింజ కూడా పడింది.

ఈలోగా మావారు ఊళ్లోంచి సైకిలు పంపు తెచ్చి టైర్లకి గాలి కొట్టారు. తారు మీద పోవాలంటే మళ్లీ నింపాలి కదా. సాయంత్రం వచ్చి చూస్తే పేపరు అంచున లెక్క రాసి ఉంచారు: 214, 209, 221, 198. మొత్తం 842 పోట్లు. నేను అడుగుతానని తెలుసు ఆయనకి. నేను కూడి చూశాను. సరిపోయింది.

ఇంటికొచ్చి, పధ్నాలుగో నియమం ప్రకారం నోటుబుక్కులో ప్రయాణం వివరాలు నమోదు చేశాను. "విశేషాలు" అన్న గడిలో "స్వల్ప ఆలస్యం" అని రాశాను. పొద్దున లేచి చూస్తే దాని పక్కన మావారి చేతిరాతలో "పదును = తడి" అని ఉంది. ఆరో రోజున ఫోను. "మొలకొచ్చిందే వదినా! నీ సాళ్లయితే స్కేలు పెట్టి గీసినట్టు లేచినై!" కిటికీ తెరిచే ఉంది. ఫోను దూరంగా పెట్టుకుని విన్నాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. 2009 ఆగస్టులో, కళ్లకి ఆపరేషనయి నేను బండి నడపడం మానేశాక, మావారూ నేనూ ఆ ఊరికి బస్సులో వెళ్లాం. పర్చూరులో దిగి ఆటో ఎక్కాం. ఆటో అతను కుర్రకారు, హుషారు మనిషి. రత్తమ్మ చేను గుర్తు చెప్పబోతే, "తెలుసమ్మా, పంతులమ్మగుంట దగ్గరేగా!" అన్నాడు.

"ఏ గుంట?"

"పంతులమ్మగుంటండీ. డొంకలో ఉంది. వానాకాలం నీళ్లు నిలబడి గేదెలు పడుకుంటాయి. గుంటూరు నుంచి ఎవరో పంతులమ్మగారు గొడ్లకి నీళ్లు లేవని దగ్గరుండి తవ్వించిందంటండీ. సొంత చేతుల్తో కూడా తవ్విందంట. మహాతల్లి."

తప్పు కనిపిస్తే రైల్లో పక్కవాళ్ల పేపరులోని పదబంధం కూడా దిద్దే అలవాటు నాది. నోరు తెరిచాను. మళ్లీ మూశాను. నా జీవితంలో దిద్దకుండా వదిలేసిన తప్పు అదొక్కటే. మావారి వైపు తిరిగితే ఆయన భుజాలు ఊగుతున్నాయి, కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"చెప్పండి అతనికి, నిజం," అన్నాను చిన్నగా.

"డ్రైవరుతో మాట్లాడరాదు," అన్నారు.

ఇప్పుడు ఆ డొంక సిమెంటు రోడ్డయింది. గుంట పూడ్చేశారు, పేరు మాత్రం మిగిలింది. కోటయ్య లేడు, ఎడ్లు లేవు. మావారు పోయి ఈ కార్తీకానికి ఆరేళ్లు. జీపు అమ్మేసేటప్పుడు ఆ అట్టముక్క ఊడదీసి నోటుబుక్కులో పెట్టుకున్నాను. ఆ నియమం కొట్టేస్తానని ఆయనతో ఎన్నోసార్లు అన్నాను, కొట్టేయలేదు. ఈ మధ్యనే ఎర్రసిరాతో అడ్డంగా గీత గీశాను. మాట్లాడొచ్చు మీరు, ఎన్ని మాటలైనా.

కాబట్టి పాఠకులారా, ఆ నోటుబుక్కు మీద కుడిచెయ్యి వేసి, ఈసారి ప్రమాణాలతో సహా ప్రమాణం చేస్తున్నాను. తాడు బొటనవేలంత లావు, పార నడుమెత్తు, టైర్లలో గాలి సగం, నాలో అంతకన్నా తక్కువ. పదును అన్న మాట ఈ జన్మలో మళ్లీ చెవిన పడితే, చెప్పినవాడు కత్తులు సానపట్టేవాడయినా సరే, రైతయినా సరే, "ఏ పదును నాయనా?" అని అడిగి, చెప్పులు విడిచి, దిగి, వేలితో నేల తడిమి చూడనిదే తాళంచెవి తిప్పను. నాకు డెబ్బై దాటి చాలా ఏళ్లయిందనీ, లైసెన్సు గడువు కూడా ఎప్పుడో తీరిపోయిందనీ మీరు గుర్తుచేయవచ్చు. అయినా ప్రమాణం ప్రమాణమే. దారిలో నత్త ఎదురొస్తే పక్కకి తప్పుకుని, ముందు దాన్నే పోనిస్తాను.